బానకు చెవి పెట్టి

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మనవడు సంక్రాంతికి వస్తూ వాళ్ళ నాన్న కోసం ఒక సీసా తెచ్చాడు. జిన్ అన్నాడు. మా ఆవిడ జున్ననుకుని ఫ్రిజ్‌లో పెట్టబోయింది. నేను పుచ్చుకునేవాణ్ణి కాను గాని, మూత తీసి చూపిస్తే మొహం తిప్పుకునేంత మడి కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు ధనియాలు తగిలాయి. ఆ వెనక ఏలకులు, ఆ తరవాత నిమ్మతొక్క. వీటన్నిటి అడుగున ఎక్కడో దేవదారు దుంగను చిత్రిక పట్టినట్టు ఒక వాసన. అది జూనిపర్ కాయలదట.

"వీటిని బొటానికల్స్ అంటారు తాతయ్యా. మూలికలూ దినుసులూ స్పిరిట్‌లో నానేసి, బట్టీ పట్టి, వాటి వాసన లాగుతారు. ఇప్పుడు మనవాళ్ళు కూడా మొదలుపెట్టారు" అన్నాడు వాడు.

మనవాళ్ళు ఇప్పుడు మొదలుపెట్టడమేమిట్రా అనబోయి ఊరుకున్నాను. ఆ సీసాలోంచి వచ్చింది నాకు అరవై ఏళ్ళ నుంచీ తెలిసిన వాసన. తెనాలి దగ్గర మా ఊళ్ళో, పడమటింటిని ఆనుకుని ఉండే చీకటి గదిది. ఆ రాత్రే మా చెల్లెలికి ఫోన్ చేసి, తాతయ్య బానలు ఏమయ్యాయే అని అడిగాను. "ఏ బానలు?" అంది ముందు. కాసేపటికి జ్ఞాపకం వచ్చింది. ఇల్లు పడగొట్టినప్పుడు రెండు పగిలిపోయాయట. ఒకటి తను తెచ్చుకుంది. అందులో మనీప్లాంటు వేసిందట.

*

మా తాతయ్య వైద్యుడు. బోర్డూ లేదు, ఫీజూ లేదు. వసారాలో అరుగు మీద కూర్చుని నాడి చూసేవాడు. చూర్ణాలు, లేహ్యాలు, మాత్రలు అన్నీ చేసేవాడు గాని ఆయనకు ప్రాణం మాత్రం అరిష్టాల మీద. మామూలు తెలుగులో అరిష్టమంటే కీడు. ఇంట్లో అరిష్టం ఉంది అంటే జనం శాంతి చేయించుకుంటారు. మా ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు అరిష్టాలు ఉండేవి. అవి పండితే అందరూ సంతోషించేవాళ్ళు.

మూలికలను కషాయం కాచి, బెల్లం కలిపి పులియబెడితే అరిష్టం. కాచకుండా పచ్చివాటిని నీళ్ళలోనో రసంలోనో వేసి పులియబెడితే ఆసవం. కలబంద రసంతో చేసే కుమార్యాసవం రెండో కోవలోది. దశమూలారిష్టం, ద్రాక్షారిష్టం మొదటి కోవ. తేడా అంతే. ఆ తరవాత జరిగేది మాత్రం రెంటికీ ఒకటే. బెల్లంలోని తీపిని ఈస్ట్ తిని ఆల్కహాలుగా మారుస్తుంది. నీళ్ళకు లొంగని వాసనలూ సారాలూ ఆ ఆల్కహాలుకు లొంగుతాయి. అంటే మా మనవడు చెప్పినవాళ్ళు సీసాల్లో కొని తెచ్చుకునే స్పిరిట్‌ను తాతయ్య మూలికల మధ్యనే పుట్టించేవాడన్నమాట. పుడుతూ పుడుతూనే అది మూలికల్ని పిండుకునేది.

ఈ మాటలు నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివి నేర్చుకున్నవి. తాతయ్య దగ్గర ఆల్కహాలన్న మాటే లేదు. పులియబెట్టడానికి ఆయన మాట సంధానం.

*

పడమటింటి పక్కన ఆ మందుల గదిలో వెలుతురు ఉండేది కాదు. కిటికీకి గోనెపట్టా. గోడవార రాగి కాగు, రాతి కల్వం, రెండు రోళ్ళు, ఇత్తడి తక్కెడ. దూలాలకు వేలాడే మూటలు. ఏ మూటలో ఏముందో రాసి ఉండేది కాదు. తాతయ్య కింద నిలబడి కర్రతో ఒక్కసారి కదిపి, రాలిన పొడిని వాసన చూసి చెప్పేవాడు.

దినుసులు మూడు దారుల్లో వచ్చేవి. మిరియాలు, పిప్పళ్ళు, ఏలకులు, దాల్చినచెక్క, ఆకుపత్రి, నాగకేసరాలు, వాయువిడంగాలు తెనాలిలో పచారీ కొట్టు నుంచి. పల్లేరు, వాకుడు, గలిజేరు లాంటివి మా పొలం గట్ల మీదివే, పిల్లలం పీక్కొచ్చేవాళ్ళం. అడవి సరుకు మాత్రం ఒక ఏనాది పెద్దాయన తెచ్చేవాడు. ఆయన వచ్చాడంటే తాతయ్య అరుగు దిగి ఎదురెళ్ళేవాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఆయన అరుగు దిగిందే లేదు. ఇద్దరూ వాకిట్లో గొంతుక్కూర్చుని ఒక వేరుముక్కను విరిచి, నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేసి, మళ్ళీ విరిచి, గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఆ పెద్దాయన ఇది కలిగొట్టు కాదంటే తాతయ్య పుస్తకం తెరిచేవాడు కాదు. వేరు తిరిగి మూటలోకి వెళ్ళేది.

దశమూలాలంటే పది వేళ్ళు. మారేడు, దుండిలం, గుమ్ముడు, కలిగొట్టు, నెల్లి ఇవి ఐదూ చెట్లు. ముయ్యాకుపొన్న, కోలపొన్న, ములక, వాకుడు, పల్లేరు చిన్న మొక్కలు. పల్లేరు పీకితే ఏమీ కాదు, వానాకాలానికి మళ్ళీ వస్తుంది. దుండిలం వేరు తవ్వితే చెట్టు పోతుంది. ఈ సంగతి అప్పట్లో మా ఇంట్లో ఎవరూ అనుకోగా నేను వినలేదు. అడవి అక్షయపాత్ర అనుకున్నారు.

*

సంధానం పెట్టే రోజు ఇల్లంతా తెల్లవారుజామునే లేచేది. దొడ్లో గాడిపొయ్యి మీద కాగు ఎక్కేది. నచ్చగొట్టిన వేళ్ళు ముందురోజు రాత్రే నీళ్ళలో నానేవి. కషాయం నాలుగో వంతుకు దిగాలి. ఎంత దిగిందో చూడడానికి ఒక వెదురుబద్ద, దాని మీద కత్తితో పెట్టిన గాట్లు. మంట మందంగా ఉండాలి. తాటాకు మంట పనికిరాదు, తుమ్మమొద్దులే కావాలి. మధ్యాహ్నానికి వీధి చివర దాకా చేదు వాసన. "పంతులుగారింట్లో మందు కాస్తున్నారు" అనుకుంటూ జనం కండువాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఈలోపు బానకు ముస్తాబు. లోపలంతా ఆవునెయ్యి పూసి ఎండబెట్టి, మహిసాక్షి ధూపం మీద బోర్లించేవాళ్ళు. పొగ పట్టిన బానలో చెయ్యి పెట్టడానికి మాకు లేదు. చల్లారిన కషాయాన్ని పలచటి పంచెలో వడకట్టి, అందులో బెల్లం చిదిపి వేస్తే, అంతవరకూ మొహం చిట్లించిన వాసన ఒక్కసారి మెత్తబడేది. నాకిప్పటికీ ఆ క్షణం ఇష్టం.

ఇక పాళ్ళు. శార్ఙ్గధర సంహితలో దీనికొక అధ్యాయమే ఉంది. కొలతలు చెప్పనిచోట ఏ లెక్కన వేసుకోవాలో కూడా అందులో ఉంటుంది. ద్రోణం ద్రవానికి తులా బెల్లం, బెల్లంలో సగం తేనె, పదో వంతు వాసన దినుసులు. తులా అంటే 100 పలాలు. చిక్కు ఇక్కడే వచ్చేది. మన బజారు పలం 3 తులాలు, ఇప్పటి లెక్కలో 35 గ్రాములు. శాస్త్రంలో పలాన్ని ఈనాటి ఆయుర్వేద ఫార్ములరీలో 48 గ్రాములుగా తీసుకుంటున్నారు. కిలోలు వచ్చాక పచారీ కొట్టులో పలమంటే కుర్రాళ్ళకు అర్థమయ్యేది కాదు. తాతయ్య ఈ గొడవలేవీ పట్టించుకోలేదు. "అన్నిటినీ ఒకే రాయితో తూచు, రాయి పేరేదైతేనేం" అనేవాడు. ద్రాక్షారిష్టానికి పుస్తకం ప్రకారం ఎండుద్రాక్ష 50 పలాలైతే బెల్లం 200. అక్కడ మాత్రం ఆయన చెయ్యి వెనక్కి లాగేవాడు. తీపి మితిమీరితే బాన మూగబోతుందట. మరీ చిక్కటి పాకంలో ఈస్ట్ బతకదని నాకు కెమిస్ట్రీ మేష్టారు చెప్పేనాటికి ఆయన ఆ మాట కొన్ని వందలసార్లు అని ఉంటాడు.

ఆఖరున వాసన దినుసులు. అవి పొయ్యిని చూడకూడదు. ఏలకులూ దాల్చినచెక్కా కాచావంటే వాసన వీధిపాలు, నీకు మిగిలేది పిప్పి. అందుకని వాటిని కచ్చాపచ్చాగా నలగ్గొట్టి చల్లటి ద్రవంలోనే వేసేవాడు. మెత్తగా దంచితే అడుగున బురదై కూర్చుంటాయి. నలగ్గొట్టడం మా నాయనమ్మ వంతు. రోట్లో పోటు పడే చప్పుడును బట్టే ఇక చాలు అని ఆయన లోపల్నుంచి అరిచేవాడు. వీటితో పాటు గుప్పెళ్ళతో ధాతకీ పూలు. ఎండి ఎర్రగా, వాసనే లేని పూలు. పులుపును లేపేవి అవే. పూలతో పాటే ఈస్ట్ కూడా వచ్చి చేరుతుందని తరవాతివాళ్ళు కనిపెట్టారు.

బాన ముప్పాతిక దాకానే నింపాలి. మూకుడు బోర్లించి, మట్టి రాసిన గుడ్డపీలికలు చుట్టూ చుట్టాలి. చీలమన్నంటారు దాన్ని. ఆపైన బానను గాదెలో ఊకలో మెడదాకా పూడ్చేవాళ్ళు. వెచ్చదనం చలికాలం రాత్రి కూడా తగ్గకూడదు. ఒకసారి పెదనాన్న బానను నిండా నింపాడు. అర్ధరాత్రి ఢామ్మంది. ఆ ఏడు మా విత్తనం వడ్లు దశమూలారిష్టం వాసన కొట్టాయి.

*

అసలు పని ఇప్పుడు మొదలు. ఏమీ చెయ్యకపోవడమే ఆ పని.

మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం తాతయ్య గాదె దగ్గరికి వెళ్ళి, ఊక తొలగించి, బానకు చెవి పెట్టేవాడు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. నాయనమ్మ దొడ్లో రోకలి వేస్తుంటే, చెవి తియ్యకుండానే కుడిచెయ్యి పైకెత్తేవాడు. రోకటి పోటు ఆగిపోయేది. పాలేరు పశువుల గంటలు పట్టుకుని నిలబడేవాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టేది.

నన్ను కూడా వినమనేవాడు. మొదటి రోజుల్లో నూనెలో ఆవాలు వేసినట్టు చిటచిట. నాలుగైదు రోజులకు వాన జల్లు పెంకుల మీద పడుతున్నట్టు ఎడతెగని సడి. తరవాత తగ్గుతూ తగ్గుతూ, ఒక బుడగ, చాలాసేపటికి ఇంకో బుడగ. ఆ రెండు బుడగల మధ్య ఎంతసేపు ఉందో ఆయన వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేవాడు. ఎండాకాలం పక్షంలో పండేది, చలికాలమైతే నెల దాటేది. పంచాంగం చూసి విప్పేది మాత్రం కాదు.

పూర్తిగా నిశ్శబ్దమయ్యాక అగ్గిపుల్ల పరీక్ష. మూకుడు కొద్దిగా జరిపి, వెలిగించిన పుల్ల లోపల పెడితే ఆరిపోకూడదు. ఆరిందంటే లోపల ఇంకా బొగ్గుపులుసు గాలి ఉంది, పని అవుతూనే ఉంది. నిలకడగా వెలిగిందంటే అయిపోయింది. అప్పటికి పైన తేలిన పూలూ చెక్కలూ కూడా అడుగుకు దిగి ఉంటాయి.

ఈ అగ్గిపుల్ల నన్నొకసారి పాడు చేసింది. వెలుగుతున్న పుల్లను గాలి లేకుండా ఎవరో ఊదేసినట్టు ఆరిపోవడం చూశాక తొమ్మిదేళ్ళ వాడికి నిద్రెలా పడుతుంది? తాతయ్య పక్క ఊరు వెళ్ళిన మూడు రోజులూ నేను చీలమన్ను ఊడదీసి, రోజుకో అగ్గిపెట్టె చొప్పున ఆ మాయ చూశాను. మళ్ళీ మన్ను పూశాను గాని నా పూత ఆయన పూత కాదు. ఆయన వచ్చి బానకు చెవి పెట్టలేదు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. బాన బాన అంతా పులిసి కాడిలా అయింది. శాస్త్రంలో దాన్ని శుక్తమంటారు. ఆ మాట ఒక్కటే అన్నాడు. కొబ్బరిచెట్టు మొదట్లో పోయించాడు. ఆ తరవాత వారం రోజులు నా చేత పిప్పళ్ళు దంపించాడు. పిప్పళ్ళు దంచిన చేత్తో కళ్ళు నులుముకోకూడదని అప్పుడు తెలిసింది.

పండిన అరిష్టాన్ని వడకట్టి, దశమూలారిష్టమైతే ఇండుపుగింజ అరగదీసి కలిపేవాడు. వానాకాలం చెరువునీళ్ళు తేర్చడానికి ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలో రుద్దే గింజే అది. తెల్లారేసరికి మడ్డి దిగి, పైన తేనెరంగు తేట నిలిచేది. దాన్ని జాడీల్లోకి ఎత్తేవాళ్ళు. ఏడాది నిలవున్నది కొత్తదానికన్నా మేలు. మా ఇంట్లో ఆవకాయ జాడీల పక్కనే అరిష్టం జాడీలు ఉండేవి. పొరపాటున ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పెట్టినందుకు మా అత్తయ్య తిన్న చివాట్లు ఆవిడ పోయేదాకా చెప్పుకుని నవ్వింది.

*

శార్ఙ్గధరుడు ఆ అధ్యాయంలోనే సురను గురించీ, వారుణిని గురించీ కూడా చెప్పాడు. తాటి, ఖర్జూర రసాలను పులియబెట్టింది వారుణి. అంటే మా ఊరి చివర తాడిచెట్టు మీద లొట్టిలో ఉన్నదీ, తాతయ్య బానలో ఉన్నదీ పుస్తకంలో ఒకే పంక్తిన కూర్చున్నాయి. ఊళ్ళో మాత్రం ఆ పంక్తి కుదరదు. కల్లు తాగినవాడు తాగుబోతు. భోజనమయ్యాక ఉగ్గుగిన్నెడు అరిష్టం సమానంగా నీళ్ళు కలుపుకుని పుచ్చుకునే మా నాయనమ్మ పుణ్యస్త్రీ. బాలింతకు నలభై రోజులూ రెండు పూటలా దశమూలారిష్టమో, జీరకాద్యరిష్టమో ఇచ్చేవాళ్ళు. పుచ్చుకున్న కాసేపటికి వాళ్ళ బుగ్గలు ఎర్రబడి, మాటలు ఎక్కువై, అత్తగారి ఎదుటే నవ్వేవాళ్ళు. మందు పని చేస్తోందనేది నాయనమ్మ. పని చేసేది మందులో ఎంత పాలో ఆవిడకు తెలియకపోయిందని నేననుకోను.

నా చిన్నతనంలో మా ప్రాంతంలో మద్యనిషేధం ఉండేది. మద్రాసు రాష్ట్రం నాటి నుంచి వచ్చిన చట్టం. ఆ గొడవ మీదే 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ప్రభుత్వం పడింది గాని నిషేధం పడలేదు. ఆ రోజుల్లో మా అరుగు మీద విచిత్రమైన రోగులు కనిపించేవాళ్ళు. కోరమీసాల మోతుబరులు వచ్చి, నడుం నొప్పి పంతులుగారూ, దశమూలారిష్టం రెండు సీసాలు ఇప్పించండి అనేవాళ్ళు. "పురుడు ఎవరికిరా, నీకా?" అని తాతయ్య అడిగితే అరుగంతా ఘొల్లుమనేది. ఇచ్చేవాడు కాదు. చూర్ణం పొట్లం కట్టి పంపేవాడు.

ఒకసారి నిషేధం అమలు చూసే ఇనస్పెక్టరు ఒకాయన ఇంటికే వచ్చాడు. ఆయన అనుమానం అన్యాయమైనదేమీ కాదు. గాదెలో పాతిన బాన, బెల్లం దిమ్మలు, పులిసిన వాసన. అన్నిటికీ మించి ఆ రోజు దొడ్లో వాము అర్కం దిగుతోంది. కాగు మూతికి మట్టితో మెత్తిన కుండ, దాన్నుంచి వెదురుగొట్టం, గొట్టం చివర నీళ్ళ తొట్టిలో కూర్చున్న చెంబు. అందులోకి టప్, టప్ మని చుక్కలు. లంకల్లో సారా కాచేవాడి సరంజామా కూడా అచ్చం ఇదే. ఇనస్పెక్టరు చెంబు ఎత్తి వాసన చూశాడు. వాము ఘాటు నెత్తికెక్కి, కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత బాన దగ్గర నిలబడి, దీనికీ సారా ఊటకీ తేడా ఏమిటండీ అని అడిగాడు.

"ఏముందండీ, మీరు పట్టుకుంటే ఊట, మేం పెట్టుకుంటే సంధానం" అన్నాడు తాతయ్య.

ఆయన నవ్వాడు. పోతూ పోతూ, మా అమ్మాయి పురిటికొచ్చిందండీ అన్నాడు. తాతయ్య సీసా ఇచ్చి, డబ్బు పుచ్చుకున్నాడు. మామూలుగా ఎవరి దగ్గరా పుచ్చుకోని మనిషి ఆయన దగ్గర మాత్రం పుచ్చుకోవడం నాకు చాలా ఏళ్ళదాకా అర్థం కాలేదు.

*

ఇళ్ళలో సంధానం పెట్టడం చట్టం వల్ల పోయిందంటారు చాలామంది. నాకలా అనిపించదు. 1964లో ఔషధాల చట్టాన్ని ఆయుర్వేదానికి కూడా వర్తింపజేసినప్పుడు, అమ్మకానికి చేసేవాళ్ళకు లైసెన్సు పెట్టారు గాని, తన రోగుల కోసం తాను మందు చేసుకునే వైద్యుణ్ణి వదిలేశారు. తాతయ్యలాంటివాళ్ళకు తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళే లేకపోయారు. పెదనాన్నకు ఓపిక లేదు. నాన్న బ్యాంకులో చేరాడు. నేను బానను పాడుచేసినవాణ్ణి, నా సంగతి సరేసరి.

మా పెద్దన్నయ్య విజయవాడలో ఆయుర్వేదం చదివి డాక్టరయ్యాడు. ఆయన కంపెనీ సీసాలే రాస్తాడు. లేబుల్ మీద తయారైన తేదీ, గడువు, స్వయంజనిత ఆల్కహాలు ఎంత శాతమో అచ్చువేసి ఉంటుంది. "తాతయ్య ఏ రెండు బానలూ ఒక్కలా ఉండేవి కావురా. ఒకటి కల్లంత, ఇంకోటి దానికి రెట్టింపు. బాలింతకు ఏది పోస్తున్నామో మనకేం తెలుసు?" అంటాడు. నిజమే. నా దగ్గర జవాబు లేదు. పాలిచ్చే తల్లికి రెండుపూటలా ఆల్కహాలు పోయడమేమిటని మా కోడలు అడిగితే దానికీ లేదు.

తాతయ్యకు కూడా హద్దు తెలుసు. పురిటి జ్వరం వచ్చి పలవరిస్తున్న ఒకావిణ్ణి అరుగు మీదికి తెచ్చినప్పుడు నాడి కూడా సరిగ్గా చూడలేదాయన. ఇది నా బాన చేతిలో లేదు అంటూ తనే బండి కట్టించి తెనాలి ఆసుపత్రికి పంపాడు. పెన్సిలిన్ ఇచ్చారు, బతికింది. రక్తవిరేచనాలకు ఆయన కుటజారిష్టం పేరుమోసినదే. అయినా పిల్లలు నీళ్ళు ఓడి చనిపోవడం ఆగింది మాత్రం సెలైన్ వల్లా, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ వల్లా. తాతయ్య బతికుంటే ఈ మాట నాకన్నా ముందు ఆయనే అనేవాడు.

మరి పోయిందేమిటని నన్ను నేను అడుగుతుంటాను. మందు పోలేదు, కొట్టుకెళ్తే దొరుకుతుంది. పేరు కూడా అదే. ఇల్లంతా ఒక బాన కోసం రోకలి ఆపేసే ఆ కాస్తసేపు పోయింది. వేరు విరిచి నాలిక మీద పెట్టుకుని ఇది కాదని చెప్పే ఆ ఏనాది పెద్దాయన మనవలు ఇప్పుడు ఏం చేస్తున్నారో నాకు తెలియదు. ఆయనకు మేం ఇచ్చింది పాత పంచె, కుంచెడు బియ్యం. ఆ గదిలో సగం శాస్త్రం ఆయనదేనని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

*

పండగ వెళ్ళాక కూడా మనవడు కొన్నాళ్ళు ఉండిపోయాడు. ఇంటి నుంచే పని అన్నాడు. ఒక సాయంత్రం పచారీ కొట్టుకు తీసుకెళ్ళమన్నాడు. ఎండుద్రాక్ష పావుకిలో, ఏలకులు, దాల్చినచెక్క, పిప్పళ్ళు దొరికాయి. ధాతకీ పూలంటే కొట్టువాడు ఫోన్‌లో వెతికి తెప్పిస్తానన్నాడు, రెండు రోజుల్లో తెప్పించాడు కూడా. చిన్న ఆవకాయ జాడీకి నెయ్యి పూశాం. చీలమన్నుకు అపార్టుమెంటులో మట్టెక్కడిది? గోధుమపిండి ముద్ద పెట్టి చుట్టాం. ఊక లేదు గనక జాడీని బియ్యం డ్రమ్ములో పూడ్చాం. "ఏమండీ, రేపు నేను అన్నం వండాలా వద్దా?" అంది మా ఆవిడ. బియ్యం రెండు కిలోలు బయటికి తీసి పెట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున వాడు కాఫీ కూడా తాగకుండా డ్రమ్ము ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బియ్యం పక్కకు జరిపి, జాడీకి చెవి ఆనించాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వంటింట్లో చట్నీకి మిక్సీ తిరుగుతోంది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఏమీ వినబడనట్టు మొహం చిట్లించాడు. ఆపైన, చెవి తియ్యకుండానే, కుడిచెయ్యి పైకెత్తాడు.

మిక్సీ ఆగింది.